అండమాన్ నికోబార్ దీవులలో జీవన విద్య: కొన్ని చారిత్రక ఘట్టాలు

నికోబార్ దీవులలో చౌరా అనే చిన్న దీవి ఉంది. దాని విస్తీర్ణం సుమారు ఎనిమిది చదరపు కిలోమీటర్లు. అక్కడ మంచినీటికి ఎప్పుడూ కొరతే. ఎండకాలంలో చాలావరకు లేత కొబ్బరినీరే దాహం తీర్చేది. పెద్ద పడవలు తొలచడానికి తగిన చెట్లు ఆ దీవిలో లేవు. కుండలు చేయడానికి కావలసిన మట్టిని సైతం పొరుగున ఉన్న తెరెస్సా దీవి నుంచి తెచ్చుకోవలసి వచ్చేది. ఇన్ని లోట్లు ఉన్న ఈ దీవిలోని స్త్రీలే తరతరాలుగా ఇతర నికోబార్ దీవులకు వంటకుండలు చేసి ఇచ్చారు. దక్షిణాది దీవులలో తొలిచిన పడవలు సైతం చౌరావారి చేతుల మీదుగానే ఉత్తరాన ఉన్న కార్ నికోబార్‌కు చేరేవి.

ఈ ఏర్పాటుకు శాసనం ఏదీ లేదు. ఉన్నది నమ్మకం. చౌరావారు మంత్రశక్తి కలవారనీ, ఇతర దీవులవారు కుండలు చేస్తే కీడు మూడుతుందనీ నికోబారీలు విశ్వసించారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఈ దీవులలో అధికారిగా పనిచేసిన ఇ.హెచ్. మాన్ చౌరా కుండల తయారీ విధానాన్ని శ్రద్ధగా నమోదు చేశాడు. వాతావరణం అనుకూలించిన రోజులలో కార్ నికోబార్ యువకులు పక్కదుంగ కట్టిన పడవలలో దాదాపు 80 కిలోమీటర్ల సముద్రం దాటి చౌరాకు వెళ్ళేవారు. మొదటిసారి వెళ్ళేవారికి ప్రత్యేకమైన కట్టుబాట్లు ఉండేవి. గాలిని కనిపెట్టడం, అలల వాలు చూసి తెడ్డు వేయడం, పొరుగువారితో ఇచ్చిపుచ్చుకోవడం ఆ యాత్రలోనే అలవడేవి. దీనిని మూఢవిశ్వాసమని తోసిపుచ్చడం తేలిక. అయితే వనరులు లేని ఒక దీవికి బ్రతుకుతెరువు కల్పించి, దీవికీ దీవికీ మధ్య రాకపోకలు తెగిపోకుండా కాపాడిన వ్యవస్థ ఇది. ఆర్థిక శాస్త్రం చదివిన వారు సంఘం పెట్టి, నిబంధనావళి రాసి సాధించదలచేది దాదాపు ఇటువంటిదే.

1987లో బ్రంట్‌లాండ్ సంఘం నివేదిక వెలువడిన తరువాత ‘సుస్థిరాభివృద్ధి’ అనే మాట ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. దానివెంట శిక్షణ శిబిరాలు, కార్యశాలలు, అవగాహన సదస్సులు వచ్చాయి. అండమాన్ నికోబార్ దీవులకు కూడా ఇవి చేరాయి. ఉన్నంతలో ఎలా బ్రతకాలి అనే ప్రశ్న మాత్రం అక్కడ కొత్తది కాదు. నాలుగు దిక్కులా ఉప్పునీరు ఉన్నచోట అది ప్రతి తరానికీ ఎదురైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు ఎవరు ఎవరికి నేర్పారు అన్నదే ఈ వ్యాసంలో చూడదలచిన విషయం.

నికోబారీల సంఘ జీవనానికి మూలస్తంభం ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబం. భూమి, కొబ్బరిచెట్లు, పందులు తుహెత్‌కు చెందుతాయి. వ్యక్తికి ఉండేది అనుభవించే హక్కు. ఎవరి భాగంలో ఎన్ని చెట్లు ఉండాలో, కొత్తగా కాపురం పెట్టినవారు ఎక్కడ తోట వేసుకోవాలో పెద్దలు నిర్ణయిస్తారు. కార్ నికోబార్‌లో సముద్రపు ఒడ్డున ‘ఎల్‌పనమ్’ అనే సామూహిక స్థలం ఉండేది. సమావేశాలు, పడవ పనులు, ఉత్సవాలు, అతిథి మర్యాదలు అక్కడే జరిగేవి. తేనెపట్టు ఆకారంలో గుండ్రంగా ఉండే వారి ఇళ్ళను మనిషి ఎత్తుకు మించిన కర్ర స్తంభాల మీద నిలిపేవారు. కప్పు మన దర్భను పోలిన గడ్డితో నేసినది. కింద నీడ, పైన గాలి. ఇల్లు కట్టడం ఒక కుటుంబం పని కాదు, ఊరిది. పని ముగిసిన రోజున పంది మాంసంతో విందు. గడ్డి ఏ అదనులో కోయాలో, ఏ కర్ర ఎన్నాళ్ళు నిలుస్తుందో పిల్లలు అక్కడ చూసి, చేసి తెలుసుకునేవారు.

విందుల సంగతి ఇంకొంత చెప్పుకోవాలి. చనిపోయిన పెద్దల ఎముకలను వెలికితీసి గౌరవించే మహోత్సవం నికోబారీ సంప్రదాయంలో ప్రసిద్ధమైనది. దానికి ఏర్పాట్లు కొన్ని సంవత్సరాల ముందే మొదలయ్యేవి. పందులను పెంచాలి, పందులకు కొబ్బరి కావాలి, కనుక కొన్ని తోటలలోని కాయలను ముట్టరాదని ఆంక్ష పెట్టేవారు. ఆకులతో కట్టిన గుర్తు ఒకటి చెట్టుకు కనబడితే చాలు, దాని కాయ ఎవరూ కోయరు. మొగలి జాతికి చెందిన ఒక చెట్టు పండును ఉడికించి, గుజ్జు గీరి, ముద్దచేసి నిలువ ఉంచుకునేవారు. అది వారి ముఖ్యాహారాలలో ఒకటి. ఈ విధంగా ఒక ఉత్సవం పేరిట ఊరంతా తన ఆస్తిని లెక్కచూసుకునేది. ఎంత ఉంది, ఎంత ఖర్చు చేయవచ్చు, ఎంత మిగలాలి అన్న ఆలోచన వేడుక మాటున సాగేది.

పండుగే పాఠశాల కావడం తెలుగువారికి అపరిచితం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతి రోజులలో పాత పంటల జాతరను ప్రారంభించి ఊరూరా తిరగడం ఆనవాయితీ చేసుకున్నాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలు ఊరేగుతాయి. ఆగిన ప్రతి ఊరిలోనూ విత్తనం గురించి మాటలు నడుస్తాయి. వ్యవసాయ శాఖ కరపత్రం పట్టుకొని వచ్చినప్పుడు నోరు మెదపని రైతుమహిళ, బండి ముందు నిలిచినప్పుడు తానే ఉపన్యాసకురాలవుతుంది. కార్ నికోబార్ విందుకూ, జహీరాబాద్ జాతరకూ చుట్టరికం లేదు. రెండింటా తెలిసినవారి చేతిలోనే అధికారం ఉంది.

అండమాన్ దీవుల చరిత్ర దీనికి భిన్నమైనది. అక్కడి ఆదివాసుల జ్ఞానాన్ని అడిగి తెలుసుకున్న వలసదారులు తక్కువ. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ దీవిలో స్థావరం నెలకొల్పాడు. కొన్నేళ్ళకు దానిని ఉత్తరానికి మార్చారు. జబ్బులకు తట్టుకోలేక 1796లో ఎత్తివేశారు. 1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో వచ్చి శిక్షా స్థావరం ప్రారంభించాడు. ఆ ఖైదీల చేత అడవి కొట్టించారు. 1883లో అటవీ శాఖ, చాథమ్ కోత మిల్లు వచ్చాయి. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు సహచరుడైన గాం మల్లుదొర కూడా ఈ దీవులలో ప్రవాస శిక్ష అనుభవించి, అనంతర కాలంలో 1952 ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నికైన విషయం తెలుగు పాఠకులు ఎరిగినదే. అడవిలో పుట్టి పెరిగిన ఆ మన్యం వీరులను, అడవులు నరికించే ఒక పాలన అక్కడికి పంపింది. పోషణ కోసం, వినోదం కోసం తెచ్చి వదిలిన జంతువులు ఇంకొక కథ. వేట కోసం తెచ్చిన చుక్కల జింకలను అదుపులో ఉంచే పెద్ద క్రూరమృగం ఏదీ ఆ దీవులలో లేదు. అవి అడవిలోని లేత మొక్కలను మేస్తూ పెరిగిపోయాయి. 1962లో ఒక కలప వ్యాపార సంస్థ మూతపడినప్పుడు ఇంటర్‌వ్యూ దీవిలో వదిలివేసిన ఏనుగులు అడవి ఏనుగులైపోయాయి.

స్వాతంత్ర్యానంతరం 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులను ఇక్కడ స్థిరపరిచారు. కుటుంబానికి వరి భూమి కొంత, కొండవాలు భూమి కొంత ఇచ్చారు. పద్మా నది ఒండ్రుమట్టిలో నాగలి పట్టినవారికి వర్షాకాలంలో మన్ను జారిపోయే కొండవాలు ఏం తెలుస్తుంది? తరువాత కేరళ, తమిళనాడు, బీహారు ప్రాంతాలవారు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుంచి మత్స్యకారులు వచ్చి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ పరిసరాలలో నిలదొక్కుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా కలవారు సుమారు పదమూడు శాతం. గ్రేట్ నికోబార్‌లో 1969 నుంచి మాజీ సైనిక కుటుంబాలను స్థిరపరిచారు. ప్రతివారూ తమ తమ సీమల సేద్యాన్ని, ఇంటి కట్టుబడిని, వంటను వెంట తెచ్చుకున్నారు. అది సహజమే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే పోర్ట్ బ్లెయిర్‌లో మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మంచినీటి కటకట ఏర్పడడం మాత్రం ఎవరూ ఊహించనిది. నిటారైన వాలు మీద పడ్డ నీరు గంటలలో సముద్రానికి చేరుతుంది. 1973లో ధనిఖరి జలాశయం కట్టినా ఇబ్బంది పూర్తిగా తీరలేదు. (2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, చారిత్రక సందర్భాలలో పాత పేరునే వాడుతున్నాను.)

దీవుల కోసం ప్రత్యేకమైన వ్యవసాయ పరిశోధన సంస్థ 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడింది. కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా రైతులకు శిక్షణ మొదలైంది. దీనిని గురించి మళ్ళీ చెబుతాను. ముందుగా వండూరు సంగతి చూడాలి.

పోర్ట్ బ్లెయిర్‌కు నైరుతిగా ఉన్న వండూరు తీరంలో 1983లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. రొములస్ విటేకర్ స్థాపించిన మద్రాసు క్రొకొడైల్ బ్యాంక్ ట్రస్టు 1990 ప్రాంతంలో ఆ సమీపానే పర్యావరణ పరిశోధన, శిక్షణలకు ఒక కేంద్రం నెలకొల్పింది. దానిని ‘ఆనెట్’ అనే పొట్టిపేరుతో పిలుస్తారు. తరువాతి కాలంలో దక్షిణ్ ఫౌండేషన్ దాని నిర్వహణలో భాగస్వామి అయింది. పరిశోధకులు వచ్చిపోయే స్థావరంగానే గాక బడిపిల్లల శిబిరాలకు, స్థానిక సమాజాలతో చేసే పనికి కూడా అది వేదిక అయింది. ఆ కేంద్రానికి వెన్నెముకగా నిలిచినవారు కరెన్‌లు.

కరెన్‌లు బర్మా నుంచి వచ్చినవారు. 1925లో అటవీ పనుల కోసం వారిని మధ్య అండమాన్‌లోని మాయాబందర్ ప్రాంతానికి తీసుకువచ్చారు. వారు కట్టుకున్న మొదటి ఊరు వెబి. అడవిలో దారి పట్టడం, వెదురుతో ఇల్లు కట్టడం, దుంగ తొలచి పడవ చేయడం, సముద్రం అడుగుకు మునిగి చూడడం వారికి పుట్టుకతో వచ్చిన విద్యలు. ఆనెట్ తొలి రోజుల నుంచి వారు క్షేత్ర సహాయకులుగా చేరారు. పట్టభద్రుడైన పరిశోధకుడు లాటిన్ పేర్లతో వస్తాడు. ఏ వాగు దగ్గర మొసలి గుడ్లు పెడుతుందో, ఏ వెన్నెలలో తాబేలు ఒడ్డెక్కుతుందో కరెన్ సహాయకుడికి తెలుసు. కాగితం మీద మొదటివాడు యజమాని. అడవిలో అడుగుపెట్టగానే రెండవవాడు గురువు. 2004 తరువాత లిటిల్ అండమాన్ పడమటి తీరంలో లెదర్‌బ్యాక్ తాబేళ్ళను ఏటేటా లెక్కించే శిబిరాలు ఈ కలయిక వల్లనే సాధ్యమయ్యాయి. ఈ శ్రమకు కరెన్‌లకు దక్కిన పేరు తక్కువే అని నా అభిప్రాయం. పరిశోధన పత్రాల చివర కృతజ్ఞతల వరుసలో వారి పేర్లు కనబడతాయి.

బడిపిల్లల విషయం కూడా ఆలోచించదగినది. దీవుల బడులలో బోధించేది ప్రధాన భూభాగానికి రాసిన పాఠ్యపుస్తకాలనే. అండమాన్ బాలుడు పులి గురించి, ఏడారి గురించి, గంగామైదానం గురించి చదువుతాడు. పులి అతని అడవిలో లేదు. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న మడ అడవి, పగడపు దిబ్బ అతని పుస్తకంలో లేవు. ఈ లోటు తీర్చడానికి కల్పవృక్ష్ సంస్థ దీవుల ఉపాధ్యాయుల కోసం ‘ట్రెజర్డ్ ఐలండ్స్’ అనే కరదీపికను తయారుచేసింది. ఆటు సమయంలో పిల్లలను మడచెట్ల వేళ్ళ మధ్యకు తీసుకువెళ్ళి, బురదలో పీత బొరియ చూపించడం పది ఉపన్యాసాల పెట్టు.

నేర్చుకునేవాడే నేర్పేవాడయిన మరొక ఉదంతం ఉత్తర అండమాన్‌లో జరిగింది. స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్ట తన ఉమ్మితో సున్నపురాతి గుహలలో గూడు కడుతుంది. తూర్పు ఆసియా దేశాలలో ఆ గూటితో చేసే పులుసుకు విపరీతమైన వెల ఉంది. గూళ్ళను గుడ్లతో సహా ఊడబెరికినందువల్ల పిట్టల సంఖ్య బాగా పడిపోయింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రానికి చెందిన రవి శంకరన్ దీవులన్నీ తిరిగి గుహలను లెక్కించాడు. నిషేధం ఒక్కటే ఫలితం ఇవ్వదని గ్రహించాడు. అటవీ శాఖతో కలిసి, గూళ్ళు తీసే వృత్తిలో ఉన్నవారినే రామ్‌నగర్ సమీపాన ఉన్న గుహలకు కావలి పెట్టే ఏర్పాటు చేశాడు. పిల్లలు ఎగిరిపోయిన తరువాత గూడు తీస్తే పిట్టకు నష్టం లేదు, మనిషికి ఆదాయం పోదు అన్నది అతని వాదన. చీకటి గుహలో వెదురు నిచ్చెన మీద పట్టు తప్పకుండా నిలవడం ఏ శాస్త్రజ్ఞుడూ నేర్పలేనిది. ఎప్పుడు చేయి చాచాలి, ఎప్పుడు చాచకూడదు అన్నది మాత్రం కలిసి కూర్చుని నిర్ణయించుకున్నారు. 2009లో శంకరన్ అకాల మరణం ఈ కృషికి పెద్ద దెబ్బ.

2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా, దీవులలో చెట్ల నరికివేతపై కఠినమైన ఆంక్షలు విధించింది. కలప పుష్కలంగా దొరికిన కాలం ముగిసింది. ఇక ఇల్లు దేనితో కట్టాలి అన్న ప్రశ్న దీవివాసుల ముందు నిలిచింది. దానికి సావకాశంగా జవాబు వెదికే వ్యవధి చిక్కలేదు.

2004 డిసెంబరు 26 ఉదయం భూకంపం, దాని వెంటనే సునామీ వచ్చాయి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. నికోబార్ జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. 2001లో 42,068గా ఉన్న జిల్లా జనాభా 2011 నాటికి 36,842. ప్రాణనష్టంతోపాటు తుహెత్ పెద్దలు, వారితో జ్ఞాపకాలు, ఎల్‌పనమ్ స్థలాలు, పడవలు, తోటలు పోయాయి. చౌరా ప్రజలను తెరెస్సాకు తరలించవలసి వచ్చింది.

సహాయం ఉదారంగా వచ్చింది. తక్షణ సహాయంలో ప్రభుత్వ యంత్రాంగం, సైన్యం చేసిన సేవను తక్కువచేయడం తగదు. అయితే పునర్నిర్మాణం వేరే పాఠం చెబుతుంది. మాకు పనిముట్లు, సామగ్రి ఇవ్వండి, ఇళ్ళు మేమే కట్టుకుంటాం అని నికోబారీ పెద్దలు కోరారు. వచ్చినవి మాత్రం మొదట రేకుల షెడ్లు, తరువాత ప్రధాన భూభాగం నుంచి ఓడలలో తెచ్చిన ఉక్కు చట్రాల ఇళ్ళు. అవి దృఢమైనవే కావచ్చు. నష్టపరిహారం, ఇల్లు భార్యాభర్తల కుటుంబం లెక్కన మంజూరయ్యాయి. తుహెత్ అనే పద్దు ఏ దరఖాస్తులోనూ లేదు. నికోబార్‌లో సునామీకి ముందు నుంచి పరిశోధన చేసిన సిమ్రన్ జిత్ సింగ్, సహాయం సద్బుద్ధితో వచ్చినప్పటికీ సమాజపు కట్టుబాటును ఎలా సడలించిందో తన రచనలలో వివరించాడు. ఇల్లు కట్టే పనిలో ఊరు కలవకపోతే గడ్డి కోసే అదను, కర్ర ఎంపిక, ముడి వేసే తీరు తెలిసిన పెద్దవాడికి శిష్యుడు దొరకడు. ఒక తరం ఆ పని చూడకుండా పెరిగితే, ఆ తరువాత దానిని నేర్పడానికి కార్యశాల పెట్టినా బోధించేవారు ఉండరు. ఈ నష్టం ఏ పరిహార పట్టికలోనూ చేరలేదు.

దక్షిణ అండమాన్‌లో సమస్య ఇంకొక రూపంలో వచ్చింది. అక్కడ నేల సుమారు ఒక మీటరు కుంగినందువల్ల సిప్పీఘాట్ మొదలైన చోట్ల వరిపొలాలలోకి ఆటుపోట్ల నీరు రావడం మొదలైంది. ఉప్పు పట్టిన మడిలో వరి మాడిపోయింది. వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఎత్తు మడి, లోతు కాలువ పద్ధతిని ప్రదర్శన క్షేత్రాలలో చేసి చూపారు. పొలంలో వరుసగా లోతైన కాలువలు తవ్వి, ఆ మట్టిని పక్కన నాలుగైదు మీటర్ల వెడల్పు కట్టలుగా పోస్తారు. వర్షాకాలంలో పడే వాన కట్టలలోని ఉప్పును కడిగి కిందికి దింపుతుంది. రెండు మూడు వానకాలాలు గడిచేసరికి కట్ట మీద బెండ, వంగ, ఆకుకూరలు పండుతాయి. కాలువలో నిలిచిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటిని పైకి రానివ్వదు. అందులో చేపలు పెంచుకోవచ్చు, ఎండకాలంలో కట్టకు తడి పెట్టుకోవచ్చు. వానను జారిపోనివ్వక నిలుపుకోవడం ఈ పద్ధతిలోని కీలకం. కొండవాలు మీద అర్ధశతాబ్దం పాటు పట్టుబడని విషయం మునిగిన పల్లంలో పట్టుబడింది.

బెంగాలీ రైతులు ఈ పద్ధతిని త్వరగా అందుకున్నారు. చెరువు తవ్విన మట్టితో ఇంటి దిబ్బ పోసుకొని, చెరువులో చేప, గట్టు మీద కూర పెంచడం వారి పూర్వికుల ఊళ్ళలో అలవాటే. శిక్షణకు వచ్చినవారు శాస్త్రజ్ఞులు చెప్పినది వినడమే గాక, కాలువ గట్టు ఎంత వాలుగా ఉంటే వానకు కూలిపోదో తిరిగి చెప్పగలిగే స్థితిలో ఉన్నారు.

అన్ని పొలాలకూ ఈ ఉపాయం పనిచేయలేదు. రోజూ రెండుసార్లు సముద్రం వచ్చిపోయే చోట కట్టలు నిలవవు. సిప్పీఘాట్ చుట్టుపక్కల అటువంటి పొలాలు నేటికీ నీటిలోనే ఉన్నాయి. ఎండిన కొబ్బరి మోడుల మధ్య కొంగలు తిరుగుతాయి. వరి కోసిన మడులలో ఇప్పుడు మడ మొక్కలు తమంతట తామే మొలుస్తున్నాయి.